నట్టు కింద ఆ వాషరు ఎందుకొచ్చింది?

ప్రశ్న: గురువుగారూ, మాది కంచరపాలెం. మా నాన్నగారు పోర్టులో పనిచేసే రోజుల్లో కొన్న ప్రీమియర్ పద్మిని, 1982 మోడల్, ఇంకా మా ఇంట్లోనే ఉంది. హుద్‌హుద్ తుపానుకి షెడ్డు రేకులు ఎగిరిపోయాక టార్పాలిన్ కప్పి ఓ పక్కన పెట్టేశాం. ఇన్నాళ్ళకి బాగు చేయిస్తున్నాను. ఇంజను, బ్రేకులు అయిపోయాయి. స్టీరింగ్ మాత్రం అటు నాలుగు వేళ్ళు, ఇటు నాలుగు వేళ్ళు ఊరికే తిరుగుతోంది. ఆటోనగర్‌లో మా మేస్త్రి కిందకి దూరి చూసి, బాల్ జాయింట్లన్నీ పోయాయి, ఐడ్లర్ బుష్ కూడా పోయింది, మొత్తం మార్చెయ్యాలన్నారు. ముంబై నుంచి రెండు రకాల సామాను తెప్పించాను. ఒకటి పాత స్టాకు ఒరిజినల్ అట. డబ్బా చిరిగిపోయింది, రబ్బరు రాయిలా ఉంది. రెండోది కొత్తది, తళతళా మెరుస్తోంది, దానిమీద ఏ పేరూ లేదు. కొత్తదాన్ని కుడి చక్రం దగ్గర బిగించి చూస్తే స్ప్లిట్ పిన్ కన్నం నట్టుకి బాగా పైన ఉండిపోయింది. మేస్త్రి రెండు మిల్లీమీటర్ల వాషరు వేసి సరిచేశారు, ఏం ఫరవాలేదంటున్నారు. దసరాకి అమ్మని ఈ కారులో సింహాచలం కొండ మీదకి తీసుకెళ్ళాలని ఉంది. ఏ సెట్టు వాడమంటారు? పేరు లేని కొత్తదా, పేరున్న పాతదా?

జవాబు: ముందు ఆ వాషరు తీయించెయ్యండి. తీసేవరకూ బండిని వీధి చివరికి కూడా నడపొద్దు. మీ మేస్త్రి పనితనం మీద నాకేం అనుమానం లేదు. పద్మిని కిందకి దూరి ఒక్కో జాయింటునీ చేత్తో పట్టుకు చూసేవాళ్ళు దొరకడమే ఇప్పుడు గొప్ప. కానీ ఈ ఒక్క సర్దుబాటు చెయ్యకూడనిది. అసలు ఏ సెట్టు వాడాలన్న మీ ప్రశ్నకి సగం జవాబు ఆ వాషరే చెబుతోంది.

టై రాడ్ ఎండ్‌లో, అంటే చక్రాన్ని తిప్పే రాడ్డు చివరనుండే బాల్ జాయింటులో, బంతి నుంచి బయటికొచ్చే స్టడ్డుని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మెడ దగ్గర లావుగా మొదలై మరలున్న వైపు సన్నబడుతుంది. ఈ వాలునే టేపరు అంటారు. అది వెళ్ళి కూర్చునే స్టీరింగ్ ఆర్మ్ (చక్రం దగ్గరుండే చెయ్యి) కన్నం కూడా లోపల అదే వాలుతో ఉంటుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కరుచుకుని ఒకే ముక్కలా నిలబడాలి. చక్రం నుంచి వచ్చే దెబ్బలన్నీ కాచుకునేది ఆ కరుచుకోవడమే. నట్టు పని స్టడ్డుని లోపలికి లాగి పెట్టడం వరకే. స్ప్లిట్ పిన్ ఉన్నది ఆ నట్టు వెనక్కి తిరక్కుండా ఉండడానికి.

ఇప్పుడు మీ కుడి చక్రం దగ్గర ఏం జరిగిందో చూడండి. స్టడ్డు ఉండాల్సిన దానికంటే సన్నంగా ఉంది, లేదా కన్నం ఉండాల్సిన దానికంటే వెడల్పైంది. అందుకని స్టడ్డు లోపలికి ఎక్కువ దిగిపోయింది, మరల భాగం అవతలివైపు ఎక్కువ పొడుచుకొచ్చింది, పిన్ కన్నం నట్టుని దాటి పైకి పోయింది. అలాంటప్పుడు నట్టు మరల చివరిదాకా పోయి అక్కడ ఆగుతుంది. తిప్పేవాడి చేతికి బిగిసినట్టే ఉంటుంది, టేపరు మాత్రం బిగియదు. మధ్యలో వాషరు పెడితే నట్టు పైకి లేచి పిన్ దానికి ఎదురుగా వస్తుంది. చూడ్డానికి అంతా సక్రమంగా కనిపిస్తుంది. స్టడ్డుకీ కన్నానికీ ఉన్న తేడా మాత్రం అలాగే ఉండిపోతుంది, పైగా ఇక ఎవరికీ కనిపించదు.

ఆ తేడా ఎంతో లెక్క వేసుకోవచ్చు. టేపరు పదికి ఒకటి అనుకుందాం. అంటే 10 మిల్లీమీటర్ల పొడవుకి మందం ఒక మిల్లీమీటరు తగ్గుతుందన్నమాట. అలాంటి టేపరులో స్టడ్డు 0.1 మిల్లీమీటరు, అంటే ఇంచుమించు ఒక వెంట్రుక మందం, సన్నంగా ఉన్నా చాలు, ఒక మిల్లీమీటరు కిందికి దిగిపోతుంది. మీకు రెండు మిల్లీమీటర్ల వాషరు పట్టిందంటే తేడా 0.2 దగ్గర ఉండొచ్చు. కంటికి ఆనదు, వేలికి తెలియదు. అందుకే షాపులో పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ‘అచ్చం అదే’ అనడం సులువు.

తప్పు స్టడ్డుదా, కన్నానిదా అన్నది ఇప్పుడు తేల్చాలి. మీ దగ్గర మూడు రకాల స్టడ్లున్నాయి కాబట్టి ఇది మీకు తేలిక. కన్నాన్ని కిరోసిన్‌తో కడిగి గుడ్డతో తుడవండి, గ్రీజు చుక్క కూడా ఉండకూడదు. బండి నుంచి విప్పిన పాత ఎండ్‌ని అందులో చేత్తో నొక్కి పెట్టి, మెడ అంచు నుంచి కన్నం అంచుదాకా ఎంత ఖాళీ ఉందో కొలవండి. తర్వాత పాత స్టాకుది, ఆ తర్వాత మెరిసేది. ఇదే వరస ఎడమ చక్రం దగ్గర కూడా చెయ్యండి. పాతది సరిగ్గా కూర్చుని మెరిసేది ఒక్కటే రెండు పక్కలా దిగిపోతే తప్పు మెరిసేదానిదే. కుడి పక్క మూడూ దిగిపోయి, ఎడమ పక్క మూడూ బాగుంటే కుడి ఆర్మ్ కన్నం అరిగిపోయినట్టు. ఎప్పుడో నట్టు వదులుగా ఉండగా బండి నడిపారన్నమాట. అదే అయితే కొత్త ఎండ్లు ఎన్ని కొన్నా లాభం లేదు, ఆర్మే మార్చుకోవాలి.

దిగకుండా పైనే ఆగిపోయినా మురిసిపోకండి. స్టడ్డు లావైతే నట్టుకి మరలు నాలుగు కూడా దొరకవు, పిన్ కన్నం నట్టు లోపలే ఉండిపోతుంది. కోణం తప్పినప్పుడు కూడా ఒక్కోసారి పిన్ సరిగ్గానే పడుతుంది. దాన్ని పట్టడానికి నీలి రంగు పరీక్ష ఉంది. లేత్ వర్క్స్ వాళ్ళ దగ్గర ప్రష్యన్ బ్లూ ట్యూబు ఉంటుంది, కొంచెం అడిగి తెచ్చుకోండి. అది దొరక్కపోతే మార్కరు పెన్ను గీతలైనా చాలు. స్టడ్డు టేపరు మీద పల్చగా, గోళ్ళరంగు కంటే పల్చగా, పూసి కన్నంలో పెట్టి గట్టిగా నొక్కి కొద్దిగా తిప్పి తీయండి. కన్నం లోపల నీలం చుట్టూ, పైనుంచి కిందిదాకా అంటితే మంచిది. పైన లావు అంచు దగ్గర ఉంగరంలా ఒక్క గీతే పడితే స్టడ్డు కోణం కన్నం కంటే ఎక్కువ. కింద సన్నని వైపు మాత్రమే అంటితే తక్కువ. ఈ రెండింటిలో ఏదైనా సరే, ఆ ఎండ్‌ని తిప్పి డబ్బాలో పెట్టెయ్యండి. ఒక్క ఉంగరం మీద నిలబడ్డ స్టడ్డు చక్రం ఊగినప్పుడల్లా వెంట్రుకవాసి కదులుతుంది. ఆ కదలికకి లోహం అరిగి ఎర్రని పొడి రాలుతుంది, మెడ దగ్గర సన్నని పగులు మొదలవుతుంది, ఒకరోజు పుటుక్కుమంటుంది.

వర్నియర్ వాడడం వస్తే ఇంకో లెక్క కూడా వేసుకోండి. స్టడ్డు టేపరు మీద సరిగ్గా 10 మిల్లీమీటర్ల ఎడంతో రెండు గీతలు పెట్టి రెండుచోట్లా మందం కొలవండి. తేడా 1 మిల్లీమీటరు వస్తే పదికి ఒకటి టేపరు, 1.25 వస్తే ఎనిమిదికి ఒకటి. ప్రపంచంలో కార్లకి ఎక్కువగా వాడేవి ఈ రెండే. ఒక దేశం డిజైనుది ఒకటైతే ఇంకో దేశం డిజైనుది రెండోది. కాపీ కొట్టేవాళ్ళు తమ దగ్గరున్న అచ్చునే రెండింటికీ వాడేస్తే మీకొచ్చిన తంటాయే వస్తుంది.

ఈ పాటికి మీ మేస్త్రి గానీ, పక్క షెడ్డు వాళ్ళు గానీ రెండు ఉపాయాలు చెప్పే ఉంటారు. కన్నానికి రీమర్ (కన్నాన్ని కోసి వెడల్పు చేసే పనిముట్టు) కొట్టి కొత్త స్టడ్డుకి సరిపడేలా చేద్దామనేది ఒకటి. పల్చని రేకు చుట్టి పెడదామనేది రెండోది. రేకు సంగతి మాట్లాడుకోవడమే అనవసరం. రీమర్ చదువుకున్నవాళ్ళ ఉపాయంలా ఉంటుంది కానీ అదింకా ప్రమాదం. వందల రూపాయల ఎండ్ తప్పుగా వస్తే ఇంకోటి కొనుక్కుంటాం. దాని కోసం ఎక్కడా దొరకని స్టీరింగ్ ఆర్మ్‌ని కోసేస్తే, రేపు సరైన ఎండ్ దొరికినా అది అందులో పట్టదు. పద్మిని తయారీ 2000 ప్రాంతంలోనే ఆగిపోయింది. అది ఆగినా సామాను ఇంతకాలం దొరికిందంటే ముంబై ట్యాక్సీల పుణ్యమే. అక్కడ చివరి పద్మిని ట్యాక్సీ 2003లో రిజిస్టరైంది, ఇరవై ఏళ్ళ గడువు తీరి 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. ఇక మీదట రోజువారీ గిరాకీ లేని బండికి ఎవరు ఆర్మ్‌లు చేసి అమ్ముతారు? ఉన్నవాటి ఒంటిమీద చెయ్యి వెయ్యనివ్వకండి.

టేపరు నెగ్గిన తర్వాత మరలు చూడండి. సైడ్ రాడ్డు పొడవు సర్దుకోవడం కోసం ఒక చివర కుడి మర, రెండో చివర ఎడమ మర ఉంటుంది. రాడ్డుని మధ్యలో పట్టుకు తిప్పితే రెండు ఎండ్లూ ఒకేసారి దగ్గరకో దూరంగానో జరుగుతాయి. సెట్టులో కుడి మరవి ఎన్నో, ఎడమ మరవి ఎన్నో ముందే విడదీసి పెట్టుకోండి. పోస్టులో వచ్చిన సెట్లలో అన్నీ ఒకే మరవి రావడం మామూలే. కొత్త ఎండ్ రాడ్డులోకి చేత్తోనే చివరిదాకా ఎక్కాలి. రెండు మూడు చుట్లు ఎక్కి పట్టేస్తే స్పానరు వెయ్యొద్దు, పిచ్, అంటే మరల మధ్య ఎడం, తేడా ఉన్నట్టు. మరీ వదులుగా గలగలలాడినా వద్దు. పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లకి ఊడిందో లెక్కపెట్టి సుద్దముక్కతో రాడ్డు మీద రాసుకోండి. బంతి మధ్య నుంచి బంతి మధ్యకి రాడ్డు మొత్తం పొడవు కూడా కొలిచి రాసుకోండి. కొత్త ఎండ్ కాడ పొట్టిదైతే అదే పొడవు రావడానికి దాన్ని ఎక్కువ బయటికి తిప్పాల్సి వస్తుంది, లోపల పట్టు తక్కువైపోతుంది. ఎండ్ మరల మందం ఎంతో, కనీసం అంత పొడవైనా రాడ్డు లోపల ఉండి తీరాలి. ఎక్కువ ఉంటే ఇంకా మంచిది.

ఇక మీ రెండు సెట్ల సంగతి. నేనైతే పాత స్టాకు వైపే మొగ్గుతాను. పేరుందని కాదు. రాయిలా ఉందన్న రబ్బరుని మార్చుకోవచ్చు, లోపల మైనంలా గడ్డకట్టిన గ్రీజుని కడిగెయ్యొచ్చు, ఉక్కు తప్పుగా ఉంటే మాత్రం ఏమీ చెయ్యలేం. అయితే పాత స్టాకన్నంత మాత్రాన అన్నీ మంచివి కావు. ఎంత లేదన్నా పాతికేళ్ళు డబ్బాలో ఉన్న సామాను అది. ముందు రబ్బరు బూటు తీసేసి స్టడ్డుని బొటనవేలితో అటూ ఇటూ వంచి చూడండి. బిగువుగా, అన్ని వైపులా ఒకేలా, గరగర లేకుండా తిరగాలి. ఒకచోట పట్టి ఇంకోచోట జారిపోతే లోపల తుప్పు పట్టి గుంటలు పడ్డట్టు. అలాంటిదాన్ని ఎంత కడిగినా లాభం లేదు. బిగువు ఒకేలా ఉంటే పాత గ్రీజంతా కిరోసిన్‌తో తీసి, ఆరబెట్టి, లిథియం గ్రీజు దట్టించి కొత్త బూటు వెయ్యండి. బూటు అడుగు అంచు, పై అంచు కొలతలు పట్టుకెళితే వేరే బండిదైనా సరిపోయేది దొరుకుతుంది. రబ్బరుకి కొత్తది, పాతది తప్పిస్తే ఏ బండిదన్న పట్టింపు లేదు.

మెరిసే కొత్త సెట్టులో స్టడ్డు ఎలా కదులుతోందో మీరు రాయలేదు. చేతిలో పట్టుకుంటే గడియారం లోలకంలా దానంతటదే వేలాడిపోతోందా? అయితే అది పుట్టుకతోనే వదులు. కొత్త బాల్ జాయింటు స్టడ్డుని నిలువుగా పెడితే నిలువుగా, పక్కకి వంచితే పక్కకే నిలబడి ఉండాలి. పెద్ద ప్లయరుతో పైనుంచి కిందికి నొక్కి చూసినప్పుడు పాత డిజైను వాటిలో కొద్దిగా దిగడం ఉంటుంది. లోపల స్ప్రింగు ఉంటుంది కాబట్టి అది తప్పు కాదు. పక్కలకి కదిలితే మాత్రం తప్పే.

మెరుపు గురించి కూడా ఒక మాట. ఉక్కు భాగానికి మెరుపు ఒక గుణమేమీ కాదు. పాత కార్ల మీద మోజున్న కొందరు లింకేజీ (స్టీరింగు బాక్సు నుంచి చక్రాలదాకా ఉండే రాడ్లు, ఆర్మ్‌లు) మొత్తానికి క్రోమ్ పూత వేయించి ప్రదర్శనలకి పట్టుకొస్తారు. ఆ పూత తొట్టిలో పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి దాన్ని పెళుసుబారుస్తుంది. వెంటనే వేడిలో పెట్టి ఆ వాయువుని తరిమే పద్ధతి ఉంది కానీ, వీధి చివర పూత పూసేవాళ్ళు ఆ పని చేస్తారని నేననుకోను. మీ సెట్టుకున్న మెరుపు ఏ పూతదో తెలియదు కాబట్టి దాన్ని చూసి మాత్రం ముచ్చటపడకండి. మీ పాతవాటికి నల్లరంగు చాలు. టేపరు మీదా, మరల మీదా రంగు పడనివ్వొద్దు.

పోత ముక్కా, దంచి చేసిన ముక్కా అనేది ఇంకా ముఖ్యం. పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగు బాక్సు తిప్పే చెయ్యి), ఐడ్లర్ ఆర్మ్ (అవతలి పక్క దానికి జోడీ) లాంటివి ఎర్రగా కాల్చిన ఉక్కుని అచ్చుల మధ్య సుత్తి యంత్రంతో దంచి చేసినవై ఉండాలి. ఎండ తగిలేచోట పెట్టి ఆ ముక్క నడుము మీద వేలు నడిపించండి. రెండు అచ్చులు కలిసినచోట దంచిన ముక్కకి వేలెడు కాకపోయినా పట్టీలా వెడల్పైన గుర్తు, దాన్ని సాన పట్టిన గీతలు కనిపిస్తాయి. పోత ముక్కకి ఆ కలిసిన చోట కత్తి అంచులాంటి సన్నని గీతే ఉంటుంది, ఒళ్ళంతా ఇసుక పోసినట్టు గరుకుగా ఉంటుంది. తాడుకి వేలాడదీసి చిన్న స్పానరుతో తడితే దంచిన ఉక్కు కాసేపు మోగుతుంది, బీడు ముక్క చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఈ చప్పుడు ఒక్కదాన్నే నమ్మొద్దు, మిగతా గుర్తులతో కలిపి చూడండి. తయారీదారు ముద్ర, పార్టు నంబరు ఉక్కు మీదే ఉబ్బెత్తుగా ఉండాలి. డబ్బా మీదున్న పేరు డబ్బాదే.

పగుళ్ళ విషయంలో విశాఖలో ఉన్నవాళ్ళకి ఒక సుఖం ఉంది. షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు ఉన్న ఊరు మనది. వెల్డింగు అతుకులు తనిఖీ చేసే పని తెలిసినవాళ్ళు గాజువాకలో వీధికొకరు ఉంటారు. వాళ్ళనడిగితే డై పెనెట్రంట్ పరీక్ష చేసి పెడతారు, డీపీ టెస్ట్ అంటే చాలు. ముక్కని శుభ్రంగా కడిగి ఎర్రరంగు ద్రవం కొట్టి పది నిమిషాలో పావుగంటో వదిలేస్తారు. తర్వాత గుడ్డతో తుడిచేసి తెల్లని డెవలపర్ చల్లుతారు. పగులుంటే దాని లోపల దాక్కున్న ఎరుపు తెల్లని పొర మీదకి సన్నని గీతలా ఊరి వస్తుంది. స్టడ్డు మెడ, పిట్‌మన్ ఆర్మ్ పళ్ళ మొదళ్ళు, ప్రతి కన్నం చుట్టూ చూడమనండి. కొత్తవాటినే కాదు, బండిలో ఉంచెయ్యబోయే పాత ఆర్మ్‌లని కూడా ఇవ్వండి. మీకు ఆ పరీక్ష వాటికే ఎక్కువ అవసరం.

ఎందుకంటే మీ బండి ఇన్నాళ్ళూ టార్పాలిన్ కింద ఉంది. సముద్రపు గాలి లోపలికి వస్తుంది, తడి బయటికి పోదు. కప్పకుండా వదిలేసిన బండ్లు అంతకంటే పొడిగా ఉంటాయని నాకు అనుమానం. సైడ్ రాడ్ల గొట్టాలకి క్లాంపు పడేచోట చీలిక ఉంటుంది, ఉప్పుగాలి తుప్పు మొదలయ్యేది అక్కడే. క్లాంపు జరిపి ఆ చీలికలో స్క్రూడ్రైవరు మొనతో గీకి చూడండి. పొట్టు పొట్టుగా ఊడొస్తే గొట్టం మార్చాల్సిందే. మరలు పట్టేస్తే తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా నానబెట్టండి, రాకపోతే మర్నాడు మళ్ళీ కొట్టండి. గ్యాసు మంట చూపించొద్దు. స్టీరింగు భాగాల్లో దేనినీ కాల్చి వంచడం, కాల్చి సరిచెయ్యడం, వెల్డింగు పెట్టడం పనికిరాదు. దీనికి మినహాయింపులు లేవు. వంగిన రాడ్డుని తిన్నగా చేస్తానంటే వద్దనండి, ఇంకోటి వెతకండి.

‘మొత్తం పోయాయి’ అన్నమాట కూడా ఒకసారి పరీక్షించుకోండి. మీ పద్మినికి డ్రైవరు వైపు స్టీరింగు బాక్సు నుంచి పిట్‌మన్ ఆర్మ్, అవతలి పక్క ఐడ్లర్ ఆర్మ్, ఆ రెండింటినీ కలిపే సెంటర్ రాడ్, అక్కడి నుంచి చక్రాలకి రెండు సైడ్ రాడ్లు. (అంబాసిడర్ వాళ్ళు ఇది చదువుతుంటే మీది ర్యాక్ అండ్ పినియన్, లెక్క వేరు.) చక్రాలు నేల మీదే ఉంచి, ఇంట్లో ఎవరినైనా స్టీరింగ్‌ని కొంచెంగా ఇటూ అటూ ఆడించమనండి, పూర్తిగా తిప్పక్కర్లేదు. మీరు కింద ప్రతి జాయింటు మీదా అరచెయ్యి వేసి ఉంచండి. ఒక పక్క కదిలి రెండో పక్క ఆలస్యంగా కదిలితే, ఆ తేడా చేతికి టక్కుమని తగులుతుంది. ఐడ్లర్‌ని చేత్తో పైకీ కిందికీ లాగి చూడండి. అటు నాలుగు వేళ్ళు, ఇటు నాలుగు వేళ్ళు ప్లే మొత్తం బాల్ జాయింట్లదే అయ్యుండకపోవచ్చు, కొంత స్టీరింగు బాక్సుది కూడా ఉండొచ్చు. షాఫ్టు తిరుగుతున్నా పిట్‌మన్ ఆర్మ్ కదలకపోతే అది బాక్సులోదే. అక్కడ అడ్జస్టింగు స్క్రూ ఉంది కదా అని బిగించెయ్యకండి. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు సరిపోయేలా దాన్ని సర్దాలి. బిగువు ఎక్కువైతే మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు, కొండ మలుపుల్లో అది ఇంకో ప్రమాదం. లింకేజీ అయ్యాకే బాక్సు జోలికి వెళ్ళండి.

ఐడ్లర్ బుష్ గురించి పెద్దగా బెంగ పడకండి. లేత్ వర్క్స్‌లో కొలత ఇచ్చి చేయించుకోగలిగేది మొత్తం లింకేజీలో అదొక్కటే. కంచు బుష్షు అయితే పిన్‌కి పట్టుగా, గ్రీజు పోయే గాడితో చేయమనండి. పిన్ అరిగి ఉంటే ముందు దాన్ని మార్చండి, అరిగిన పిన్ కొలతకి బుష్షు చేయించుకోవద్దు.

బిగించేటప్పుడు బండి జాకీ మీద ఉండగా కిందకి దూరొద్దు, స్టాండులు వేయించండి. పాత స్టడ్డు ఊడదీయడానికి మరల మీద సుత్తి వెయ్యొద్దు. కన్నానికి ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, రెండో పక్క ఇంకో సుత్తితో ఒక్కటి గట్టిగా ఇస్తే టేపరు పట్టు వదిలేస్తుంది. పుల్లరుంటే ఇంకా మంచిది. పిట్‌మన్ ఆర్మ్‌కి మాత్రం సుత్తి ఊసే ఎత్తొద్దు, పుల్లరు వాడాల్సిందే. విప్పేముందు ఆర్మ్‌కీ షాఫ్టుకీ కలిపి ఒక గీత పెట్టుకోండి, ఒక్క పన్ను అటూ ఇటూ అయినా స్టీరింగు మధ్యకి రాదు. టేపర్లు పొడిగా బిగించాలి, గ్రీజు పూయకూడదు. నట్టుని మాన్యువల్లో చెప్పినంత బిగించాక పిన్ కన్నం ఎదురు రాకపోతే తర్వాతి గాడి వచ్చేదాకా ముందుకే బిగించండి, వెనక్కి వదల్చొద్దు. ప్రతిసారీ కొత్త స్ప్లిట్ పిన్ వెయ్యండి, నాలుగు రూపాయల దగ్గర పొదుపు వద్దు. క్లాంపులు బిగించేముందు ప్రతి ఎండ్ తల నడిమికి ఉందో లేదో చూసుకోండి. అది ఒక పక్కకి వాలి ఉంటే స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు స్టడ్డు తన గిన్నె అంచుకి కొట్టుకుంటుంది. తర్వాత కుడికీ ఎడమకీ పూర్తిగా తిప్పి, టైరుకి గానీ ఇంజను అడుగుకి గానీ రాడ్లు తగలడం లేదని కళ్ళతో చూడండి.

ఆ వెంటనే వీల్ అలైన్‌మెంటు చేయించండి. చుట్లు లెక్కపెట్టి పెట్టింది అలైన్‌మెంటు షాపుదాకా వెళ్ళడానికి మాత్రమే పనికొస్తుంది. టో, అంటే ముందు చక్రాలు ఒకదానివైపు ఒకటి ఎంత తిరిగి ఉన్నాయన్నది, సర్దేవాళ్ళు ఒక పక్క రాడ్డే తిప్పి సరిపెడతామంటే ఒప్పుకోవద్దు. రెండు పక్కలా పొడవు ఒకేలా ఉండాలి, లేకపోతే గతుకుల్లో బండి ఓ పక్కకి లాగుతుంది.

పాత స్టాకులో కూడా ఒకటో రెండో తేడా వచ్చాయనుకోండి, అప్పుడు వేరే బండిది వేద్దామనే సలహా తప్పకుండా వస్తుంది. టేపరు, మర, కాడ పొడవు, స్టడ్డు వాలే కోణం నాలుగూ కలిస్తే అది ఏ బండిదైనా నాకు అభ్యంతరం లేదు. మూడు కలిసి ఒకటి తప్పినా వద్దు. ఎవరో వేసుకుని తిరుగుతున్నారన్నది కొలతల కింద లెక్క కాదు.

సింహాచలం సంగతికొస్తే, దసరాకి ముహూర్తం పెట్టుకోకండి. అన్నీ బిగించాక మొదట ఊళ్ళోనే తిప్పండి. తర్వాత తెల్లవారుజామున ట్రాఫిక్ లేనప్పుడు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్ళి రండి. ఇంటికొచ్చాక ప్రతి నట్టూ, ప్రతి పిన్నూ మళ్ళీ చూడండి. టేపరు దగ్గర ఎర్రపొడి గానీ, కొత్తగా మెరిసే గీత గానీ కనిపించిందంటే ఏదో కదులుతోందన్నమాట. అలాంటిదేమీ లేకపోతే అమ్మగారిని కొండకి తీసుకెళ్ళండి, దసరా కాకపోతే కార్తీకం. దిగేటప్పుడు రెండో గేరులో రండి.

మీ ఉత్తరంలో సెంటర్ రాడ్ ఊసే లేదు. దాని జాయింట్లు రాడ్డుతో కలిసే ఉన్నాయా, విడిగా మార్చేలా ఉన్నాయా చూడండి. కుడి ఆర్మ్‌లో మూడు స్టడ్లూ ఎంతెంత దిగాయో ఆ మూడు కొలతలు, ఎడమ వైపువి మూడు, ఒక కాగితం మీద రాసి పంపండి. ఆర్మ్ మార్చాలో అక్కర్లేదో అది చూసి చెబుతాను.